తెక్కలకోటలో స్నోబోర్డు

మనాలి దగ్గర ఒక అద్దె అంగట్లో నాకు స్నోబోర్డు ఇచ్చినతను నా మొహం కూడా చూడలేదు. బూటు సైజు ఎంతని అడిగాడు, చెప్పాను, గోడకు ఆనించిన వాటిలోంచి ఒకటి లాగి చేతిలో పెట్టేశాడు. మా ఆఫీసు వాళ్లమంతా కలిసి టూరు పోయాం. మిగతావాళ్లు ఇచ్చినదాన్ని చంకన పెట్టుకుని మంచులోకి పరుగు తీశారు. నేను మాత్రం దాన్ని నేలమీద నిలబెట్టి, పక్కన నిటారుగా నిలుచుని, అరచేత్తో ఎత్తు చూసుకున్నాను. నా నెత్తి దాటిపోయింది.

"ఇది నాకొద్దు. గడ్డానికీ ముక్కుకూ మధ్యలో వచ్చేది ఇవ్వండి. నా బరువుకు ఇంత పొడుగుది తిరగదు," అన్నాను నాకొచ్చిన హిందీలో. బోర్డును బోర్లా తిప్పి, అడుగున వేలితో రాసి, "దీనికి మైనం పట్టించి ఎన్నాళ్లయింది?" అని కూడా అడిగాను.

అప్పుడు చూశాడు నా మొహం. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారని అడిగాడు. కర్ణాటకలో, బళ్లారి జిల్లా తెక్కలకోటలో అన్నాను. అక్కడ మంచు ఏ నెలలో పడుతుందన్నాడు. ఏ నెలలోనూ పడదన్నాను. అతను నవ్వి సరైన కొలతది వెతకడానికి లోపలికి పోయాడు. నేను ఆ బోర్డుల మధ్య నిలబడి మామను తలుచుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆయన పోయి రెండేళ్లు. ఆ రెండేళ్లలో నేను అంత సంతోషంగా ఆయన్ను తలుచుకున్నది అదే మొదటిసారి.

మామ అంటే మా మేనత్త భర్త. యశ్వంతనగర్ గనుల నుంచి ఇనుప రాయి తోలే లారీకి డ్రైవరు. సెలవు దొరికినప్పుడల్లా తెక్కలకోటలో మా ఇంటి పక్కనే ఉన్న తన ఇంట్లో దిగేవాడు. తలుపులోంచి వంగి రావలసినంత పొడుగు మనిషి. మెల్లగా మాట్లాడటం ఆయనకు చేతకాదు. వంటింట్లో ఉన్న అత్తతో మాట్లాడితే వీధి చివర బస్సు కోసం నిలబడినవాళ్లు కూడా జవాబు చెప్పేవాళ్లు. కూర్చుని చెప్పే కథ ఆయన దగ్గర ఒక్కటీ లేదు. లేస్తాడు, మోకాళ్లు వంచుతాడు, చేతులు చాపుతాడు, మన ఇంటి నడవంతా ఆయనకు కొండ వాలు అయిపోతుంది.

ఆయనకొక అలవాటుండేది. కొత్త మనిషి ఎవరు కనిపించినా సడి చేయకుండా వెనకకు పోయి భుజాల మధ్య చిన్నగా తోసేవాడు. తూలిపోతూ ఆ మనిషి ఏ కాలు ముందుకు వేస్తాడో చూడటానికి. బోర్డు మీద పాదాలను పట్టి ఉంచే కట్లలో ఆ కాలే ముందుండాలట. "ఎడమ కాలు. సరే, నీ ఎడమ కాలు ముందర బిగించాల," అని తేల్చి చెప్పి, అరచేతిని ఆ మనిషి గడ్డం కింద అడ్డంగా పెట్టి కొలత చూసి, ఒళ్లంతా ఒకసారి చూసి బరువు అంచనా కట్టేవాడు. బ్యాంకు మేనేజరును తోశాడు. కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినాయన్ను తోశాడు. నా పెళ్లిలో విడిదింటి గడప దగ్గర మా ఆయన్ను కూడా తోశాడు. పెళ్లికొడుకు కుడికాలు ముందు పెట్టాడని ఆడవాళ్లంతా మురిసిపోయారు. మామ మాత్రం దిగులుగా నా చెవి దగ్గరకొచ్చి, "కుడి కాలు మనిషి పాపా. ఈయనకు కట్లు తిప్పి బిగించాల్సి వస్తాది. మనిషి మంచోడే, ఏం ఫరవాలేదు," అన్నాడు. అది ఆయన మెల్లగా చెప్పిన మాట, కాబట్టి పందిరంతా వినింది.

ఇంతకూ ఈ పిచ్చి ఆయనకు ఎలా పట్టిందో చెప్పాలి. ఒక చలికాలం గనుల పనికి వాడే పెద్ద మిషను ఒకటి లారీలో వేసుకుని హిమాచల్ దాకా పోయాడు. దాన్ని దించి వెనక్కి తిరిగేలోపు మంచు పడి దారి మూసుకుపోయింది. ఎదురుగా స్నోబోర్డులు అద్దెకిచ్చే అంగడి ఉంది. దాని యజమాని ముసలాయన ఈయన్ను లోపలికి పిలిచి టీ ఇచ్చాడు. అంతే, దారి తెరిచేదాకా మామ ఆ అంగడి వదల్లేదు. ఊరికే కూర్చోవడం రాని మనిషి కదా, బోర్డులు తుడవడంతో మొదలుపెట్టి, అడుగున మైనం కరిగించి పోయడం, ఇనుప అంచులకు ఆకురాయి పట్టడం, వచ్చినవాళ్లకు కొలత చూసి బోర్డు ఎంచి ఇవ్వడం దాకా పోయాడు. రోజంతా జనం ఆయన ఎంచిచ్చిన బోర్డుల మీద నిలబడి కొండ మీంచి జారుతుంటే, ఈయన కాళ్లు మాత్రం ఎందుకు ఊరుకుంటాయి? రేపు నేనూ ఎక్కుతానని అత్తకు ఫోను చేశాడు.

అత్త ఆ పూట ఫోనులో వేసిన కేకలు నేను మా ఇంట్లోంచి విన్నాను. "కాలు ఇరిగితే క్లచ్చు ఎవురు తొక్కుతారు, నేను తొక్కాల్నా? లారీ ఆడ, నువ్వు ఆడ, నేనీడ ఏం చేసేది? నా తల మీద ఒట్టెయ్యి, దాన్ని ఎక్కనని."

మామ ఒట్టేశాడు. వేశాడు కాబట్టి ఎక్కలేదు. దారి తెరిచినాక ముసలాయన ఇష్టంగా, ఇన్ని రోజులు చేసిపెట్టావు, పాతవాటిలో ఒకటి నచ్చింది తీసుకో అన్నాడట. మామ ఒకటి ఎంచుకుని, గోనెపట్టాలో చుట్టి, క్యాబిన్‌లో తన సీటు వెనక పడుకోబెట్టుకుని మంచు దేశం నుంచి బళ్లారి ఎండలోకి తెచ్చాడు.

అప్పుడు మొదలైంది అసలు పని. స్నోబోర్డును మంచులో చూసుకోవడం ఎవరికైనా వస్తుంది. తెక్కలకోటలో చూసుకోవాలి. మొదట రేకుల షెడ్డులో పెట్టాడు. మార్చి దాటేసరికి అడుగున పట్టించిన మైనమంతా కరిగి కింద ఉన్న చెనిక్కాయల మూటల మీదికి కారింది. తర్వాత ఇంట్లో చల్లగా ఉండే చోటని నీళ్ల కడవల వెనక పెట్టాడు. ఆ చెమ్మకు అంచులు తుప్పు పట్టాయి. చివరికి ఇంట్లో ఎండ తగలని గది దేవుడి గదే అని కనిపెట్టి అక్కడ గోడకు నిలబెట్టాడు. అత్త ససేమిరా అంది. మామ వినలేదు. కొన్నాళ్లకు ఇంటికొచ్చిన పెద్దవాళ్లు పటాలతో పాటు దానికీ దండం పెట్టడం మొదలుపెట్టారు.

ఆయుధపూజ రోజు లారీకి ఎన్ని మర్యాదలో బోర్డుకూ అన్ని మర్యాదలు. మూడు పట్టెల విభూది, కుంకుమ, చామంతి దండ. లారీ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించినట్టే, దీని అంచు కిందా రెండు నిమ్మకాయలు పెట్టి కాలితో అదిమాడు ఒక ఏడాది. పూజైపోయింది, భోజనాలయ్యాయి, తుడవటం మరిచిపోయాడు. మర్నాటికి నిమ్మరసం పడిన మేరా అంచు గోధుమరంగు తిరిగింది. ఆ రోజు మామ అన్నం తినలేదు. ఆకురాయి తీసుకుని గడప మీద కూర్చుని, ఒకే వైపుకు, ఒకే వాలులో, వెనక్కి లాగకుండా, సాయంత్రం దాకా గీశాడు. "దేవునికి చేసిన పూజ దీనికి పడలే పాపా. దీని దేవుడు వేరే ఉన్నట్లుండాది," అన్నాడు.

మైనం పట్టించే రోజు ఇల్లంతా పండగలా ఉండేది నాకు. మామ అత్త ఇస్త్రీపెట్టెను వేడిచేసి, కొవ్వొత్తి ముక్కలూ తేనెపట్టు మైనమూ కలిపి దాని మీద ఆనిస్తే బొట్లు బొట్లుగా బోర్డు మీద పడేవి. ఆ బొట్లను ఇస్త్రీపెట్టెతో చివరికంటా పరిచి, చల్లారనిచ్చి, పలుచని రేకుతో గీకి తీసేవాడు. గీకేదానికి అంత పుయ్యడం ఎందుకు మామా అని అడిగితే, "లోపలికి పోయింది లోపల ఉంటాది. పైన ఉండేది పనికి రాదు. మన మడమలకు నూనె రాసినట్లే," అనేవాడు. ఆ ఇస్త్రీపెట్టెతోనే అత్త ఒకసారి పట్టుచీర రుద్దింది. కుచ్చిళ్ల మీద అరచేయంత మైనపు మరక. ఆ రోజు నుంచి అత్త దాన్ని బోర్డు అనలేదు. "నీ పెళ్లాం" అనేది. "నీ పెళ్లాం మింద బట్ట కప్పు, దుమ్ము పడతాండాది."

ఊళ్లోవాళ్లు ఊరుకుంటారా? మే నెలలో, హోటలు ముందు ఫ్యాను కింద చెమటలు కక్కుతూ, "మామా, ఈ పొద్దు మంచు పడేటట్లుండాది," అనేవాళ్లు. "పడనీ అప్పా. పడితే ఊర్లో తయారుగా ఉండేది నేనొగన్నే," అని మామ నిజంగానే మేఘాల వైపు చూసేవాడు. వాళ్లు నవ్వితే ఆయనా నవ్వేవాడు. కానీ ఒక సంగతి అందరం గమనించాం. అంత కొలతలు చెప్పే మనిషి తనకని తెచ్చుకున్న బోర్డు ఆయన ఎద దాకే వస్తుంది. ఎవరైనా అదేంటని అడిగితే మాట మార్చేసేవాడు.

ఆయన బతికున్న చివరి ఎండాకాలం బోర్డు కొసన పొరలు విచ్చుకోవడం మొదలైంది. జిగురు పోశాడు, రెండు చెక్కల మధ్య బిగించాడు, తడిగుడ్డ చుట్టాడు. ఒక చోట అంటుకుంటే ఇంకోచోట విచ్చుకునేది. ఎండలు పోయి వానలు మొదలయ్యాక నన్ను పిలిచి, గోరుతో ఆ పగులు చూపించాడు. మొదటిసారి ఆయన గొంతు వీధిలోకి వినపడలేదు.

"ఇంకొక ఎండాకాలానికి ఇది ఉండదు పాపా. ఇన్ని దినాలు సాకితి. ఒగసారి పోయేది చూస్తే చాలు నాకు. ఒక్కసారి."

నాకు దుఃఖం వచ్చింది. ఊరంతటికీ అది నవ్వులాట. ఆయనకు మాత్రం అది పోవాలి, పోయేది కళ్లతో చూడాలి, అంతే.

ఆ వారమే తుంగభద్ర కాలవకు నీళ్లు వదిలారు. మా నాన్న వరి మడి దున్నించి బురద చేశాడు. మా వైపు నాటు ముందు బురద మడిని పలకతో చదును చేస్తారు. ఎద్దుల వెనకో ట్రాక్టరు వెనకో పొడవాటి పలక కట్టి మడంతా ఈడ్పిస్తారు. పలకకు బరువు కావాలి కదా, దాని మీద పిల్లలను నిలబెట్టేవాళ్లు వెనకట. బురద పలచగా ఉంటే ఒకరిని, గట్టిగా ఉంటే ఇద్దరిని. మా తాతకు మా అత్తే ఆ బరువు. పెద్దమనిషయ్యేదాకా ఊళ్లో సగం మళ్లు ఆమె కాళ్ల కింద చదునయ్యాయని నాన్న చెప్పేవాడు.

ఆ పొద్దున మామ బోర్డును భుజాన వేసుకుని మడి గట్టు మీదికి వచ్చాడు. "ఒట్టు మంచుకు గదా ఏసింది. బురదకు యాడ ఏస్తి?" అన్నాడు. గట్టు మీద బువ్వ గంప పక్కన కూర్చున్న అత్త మొహం తిప్పుకుంది. నాన్న ట్రాక్టరు వెనక లారీ తాడు కట్టాడు. మామ తన బూట్లను కట్లలో బిగించుకుని, తాడు పట్టుకుని, ఇన్నేళ్లూ మా ఇళ్లల్లో చూపించినట్టే మోకాళ్లు వంచి నిలుచున్నాడు. ట్రాక్టరు కదిలింది. ఆయన బరువుకు బోర్డు ముందు కొస బురదలో దిగబడింది. మామ రెండు గజాలు కూడా పోకుండా ముందుకు పడ్డాడు. మళ్లీ ఎక్కాడు, మళ్లీ పడ్డాడు. మూడోసారి కూడా అంతే.

నాన్న ట్రాక్టరు ఆపి దిగాడు. "బావా, ఊరందరికీ కొలతలు చెప్తివి. ఇది నీది కాదని నీకు తెల్దా?"

మామ బురదలో కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు. "తెలుసప్పా. అది నాకని తెచ్చింది కాదు."

"మరి ఎవురికి?"

ఆయన గట్టు వైపు చూశాడు. అత్త గంప మీద మూత సర్దుతున్నదల్లా ఆపింది.

"నాకా?" అంది.

"అంగడి ముసలాయన ఎవురికి కావాలంటే, నా ఇంటిదానికంటి. ఎంత ఎత్తు ఉంటాదన్యాడు. గడ్డం ఈడికొస్తాదని నా ఎద మీద చెయ్యి పెట్టి చూపిస్తి. ఆడ ఆడోళ్లు దీని మింద నిలబడేది చూసినప్పుడల్లా, చిన్నప్పుడు మీ నాయన పలక మింద నువ్వు నిలబడే కత మతికొస్తాండె. నువ్వే చెప్పింటివి నాకు."

"మరి ఇన్నేండ్లు చెప్పకపోతివే?"

"ఫోన్లో తిడితివి గదా. ఇంటికొచ్చినాకా తిడ్తాంటివి. ఎప్పుడు చెప్పేది?"

అత్త గంప మీది మూత గట్టిగా నొక్కింది. తర్వాత లేచి, చీర కాసె పోసి బిగించి, మడిలో దిగింది. నాన్న వద్దక్కా, వయసేంది నీది అంటుంటే వినిపించుకోలేదు. బోర్డు పక్కన నిలుచుంది. దాని కొస సరిగ్గా ఆమె గడ్డానికీ ముక్కుకూ మధ్య వచ్చింది. ఆమెకు బూట్లు లేవు. మామ బురదలో మోకాళ్ల మీద కూర్చుని, లారీలోంచి తెచ్చిన ట్యూబు ముక్కలతో ఆమె పాదాలను కట్లకు బిగించాడు, ఎడమది ముందు, కుడిది వెనక. వేళ్లు అంచు దాటి బయటికి రాకుండా రెండుసార్లు సర్దాడు. ఆమెను తోసి చూడలేదు.

"మోకాళ్లు వంచు. బరువు ఎనక కాలి మింద పెట్టు. ముందర కాలి మింద పెట్టినావంటే ముక్కు దిగబడతాది. తాడు చేతుల్తో లాగొద్దు, నడుముతో..."

"సాకు, సుమ్నుండు. చాలు నువ్వు చెప్పేది," అంది అత్త. "నాకు నేర్పిస్తావా?"

ట్రాక్టరు కదిలింది. అత్త ఊగింది, పడుతుందనుకున్నాను, పడలేదు. బోర్డు ముందు కొస లేచింది. రెండు పక్కలా బురద చీలుతూ పోయింది. ఆమె మోకాళ్లు వంచి, నడుము వెనక్కి వాల్చి, చిన్నప్పటి నుంచి రోజూ అదే పని చేస్తున్నట్టు నిలబడింది. మామ బురదలో దిగబడుతూ లేస్తూ ఆమె పక్కనే పరుగెత్తాడు. "పోతాండాది, పాపా, చూడు, పోతాండాది," అని అరుస్తున్నాడు. పక్క మళ్లలో నాటు వేసేవాళ్లు నడుములెత్తి చూశారు. సగం మడి దాటాక అత్త, "ఏం నడుపుతాండావురా, ఎద్దుల మాదిరి? జోరుగా పోనీ," అని నాన్నను కేకేసింది. నాన్న జోరు పెంచాడు. మడి చివర ఆమె తాడు వదిలేసింది. వదిలేసినా బోర్డు ఆగలేదు. మడి నీళ్ల మీద తనంతట తాను జారుతూ, ఆమె నడుము తిప్పిన వైపుకు తిరిగి, వంపు తీసుకుని గట్టు పక్కన ఆగింది. పొరల మధ్య పగుళ్లలోంచి బురద నీళ్లు కారుతున్నాయి. నేను చప్పట్లు కొడుతూ, నవ్వుతూ, ఏడుస్తూ ఉన్నాను. మామ ఎప్పుడు పడ్డాడో చూడనే లేదు. మడి నడుమ వెల్లకిలా పడి ఆకాశం వైపు చూస్తూ నవ్వుతున్నాడు.

ఆయన్ను లేపి గట్టు మీదికి తెచ్చాం. అత్త కాళ్లకు కట్లు విప్పుకుని వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఇద్దరి మొహాలూ గుర్తు పట్టలేనంత బురద. అత్తకు ఊపిరి ఇంకా సర్దుకోలేదు.

"ఒగటి అడుగుతా, నిజం చెప్పు," అంది. "ఆ పొద్దు నేను ఒట్టేయించుకోకుండా ఉండింటే, ఆడ మంచులో నువ్వు దీన్ని ఎక్కింటే, తిరిగి ఇంటికొచ్చేటోనివా?"

మామ అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాడు. అది ఆయన మొహంలో నాకు తెలిసిపోయింది. తర్వాత మానుకున్నాడు.

"రాకపోదునేమో," అన్నాడు.

అత్తకు కోపం వస్తుందని నేను భయపడ్డాను. ఆమె బోర్డు వైపు చూసింది, మడి మీద తాను గీసిన ఆ పొడవాటి చార వైపు చూసింది.

"నేనైనా రాకపోదును," అని, మళ్లీ కట్టమని రెండు కాళ్లూ ఆయన ముందుకు చాపింది.